ఫర్మా మీది బొట్టు

జనగామ, మానుకోట, భూపాలపల్లి తొవ్వల్లో తిరిగిన పాత జీపుల మాట వస్తే ఇప్పటికీ కొందరు నా పేరు చెబుతారు. ఏ షెడ్డులో కట్టిన బాడీ అయినా ఏ జీపు మీదనైనా కూర్చునే పద్ధతి నేనే కనిపెట్టానని అంటారు. ఒక సభలో శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను. శాలువా మంచిదే, చలికాలం పనికొచ్చింది. కానీ ఆ పద్ధతి మా మేనమామది. నాదని నేనెన్నడూ అనలేదు. కాదని కూడా చాలా ఏళ్ళు అనలేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. తన ఆలోచనలోంచి తానే బయటికి నడవాల్సి వచ్చిన రోజున మామ తన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. తప్పు ఆ చేతులది కాదని ఆ షెడ్డులో నా ఒక్కడికే తెలుసు. నేను నోరు తెరవలేదు.

మాది లింగాల ఘనపూర్ దిక్కు వ్యవసాయం. బాపుకు నాగలి కంటే సుత్తె ముద్దు. అందుకే జనగామలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి జీపులకు బాడీలు కట్టేవాడు. మిలిటరీ వాళ్ళు హర్రాజు వేసిన పాత జీపులు వచ్చేవి. పైన రేకు తుప్పు పట్టి పొడిపొడి అయ్యేది గాని, కింద ఇనుప పట్టీలతో చేసిన ఛాసిస్ మాత్రం గట్టిగా ఉండేది. ఇంజను, చక్రాలు దానికే ఉంటాయి. ఆ ఛాసిస్‌కు రెండు పక్కలా ఇనుప చెవులు వెల్డింగు చేసి, టేకు అడ్డకర్రల మీద కొత్త బాడీ కట్టి, చెవులకూ కర్రలకూ బోల్టులు బిగిస్తే జీపు మళ్ళీ పుట్టినట్టే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి బడులు బందైనప్పుడు నేను ఊరికే ఉండలేక షెడ్డులో చేరాను. మానుకోట నుంచి మామ కూడా తరచూ వచ్చేవాడు. మానుకోట అంటే మహబూబాబాద్. మామకు అక్కడ బాపులాంటి షెడ్డే ఉంది. ఆ రోజుల్లో ఒక ఆంధ్రా ఆఫీసరు తన జీపుకు కొత్త సీట్లు వేయించుకోను వచ్చాడు. ఆయన కూర్చునే సీటు కింది పలక మీద నేను తెల్ల రంగుతో జై తెలంగాణ అని రాసి, పైన దిండు కుట్టించాను. ఆయన కొన్ని వారాలు ఆ నినాదం మీదనే కూర్చొని ఊళ్ళన్నీ తిరిగాడు. దిండు ఊడిన రోజు షెడ్డుకొచ్చి ఎగిరెగిరి పడ్డాడు. మామ నా దిక్కు ఒక్కసారి చూసి, రాసింది తానేనని తన మీద వేసుకున్నాడు. ఆఫీసరు పోయినాక నా చెవి పట్టుకొని, రాత బాగలేదు, గకు దీర్ఘం వంకర పోయిందన్నాడు. మా ఇద్దరి మధ్య సంగతి ఎప్పుడూ ఇట్లాగే ఉండేది.

ఇక అసలు ముచ్చట. బాపు దగ్గర పని నేర్చుకున్న ఒకన్న భూపాలపల్లి పోయి సొంత షెడ్డు పెట్టాడు. అడవి కర్ర, ఇసుక, బొగ్గు వెతికేవాళ్ళు, మహదేవపూర్ దాకా మనుషుల్ని మోసే కిరాయి జీపులు – ఆయనకు గిరాకీ చాలా ఉండేది. ఒక వానకాలంలో ఒక జీపు బోల్తా పడి బాడీ అప్పడమైంది. ఛాసిస్‌కు గీత పడలేదు. అన్న దగ్గర ఇంకొకరి కోసం కట్టిన బాడీ తయారుగా ఉంది. కానీ అది దీనికి కుదరదు. ఎందుకంటే ఎవరి షెడ్డు చెవులు వాళ్ళవి. ఒకరు జానతో కొలుస్తారు, ఒకరు తాడుతో, బాపైతే కన్నుతోనే కొలిచేవాడు. కొత్త బాడీ అయ్యేదాకా ఆ జీపు యజమాని రోజూ వచ్చి షెడ్డులో కూర్చొని నిట్టూర్పులు విడిచేవాడు. అన్న ఆ నిట్టూర్పులు భరించలేక జనగామ పారిపోయి వచ్చాడు.

ఆ రోజు మామ కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. అన్న గోడు విని లాంతరు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. ఈ గ్లాసు ఏ దుకాణంల కొన్నా ఏ లాంతరుకైనా పడుతుంది కదా, మరి మనం కట్టే బాడీకి ఏం రోగమని అడిగాడు. బాపు నవ్వాడు. జీపు లాంతరు కాదన్నాడు. మామ ఊరుకోలేదు. కొన్నాళ్ళకు ఇనుప పట్టీలతో ఒక చట్రం చేసుకొచ్చాడు. మడిచి గోనెసంచిలో చుట్టి రైల్లో తేవచ్చు. విప్పి ఛాసిస్ మీద పరిస్తే చెవులు ఎక్కడ పెట్టాలో దాని బెజ్జాలు చెబుతాయి. అదే చట్రం బాడీ అడ్డకర్రల కింద పెట్టి బర్మాతో తొలిస్తే అవే బెజ్జాలు కర్రల్లో పడతాయి. చెప్పులు కుట్టేవాళ్ళు పాదం కొలతకు పెట్టుకునే ఫర్మా లాంటిది. మామ దాన్ని ఫర్మా అనే అన్నాడు. ఒకే తీరువి మూడు చేసి, మూడు షెడ్లకూ ఇచ్చాడు.

దానికి ఒక కిటుకు ఉంది. పొగగొట్టం పోయే పక్కన పానా ఆడడానికి చోటు కావాలని మామ ఆ వైపు బెజ్జాలు ఒక వేలెడు వెనక్కి జరిపాడు. చూస్తే తెలియదు. అందుకే ఫర్మాను ఏ ముఖం పైకి పెట్టాలో గుర్తుండాలి. తిరగేస్తే కుడికాలి చెప్పు ఎడమ కాలికి తొడిగినట్టే. కొత్త పనిముట్టుకు మొదటి రోజు బొట్టు పెట్టడం మా అందరి ఆనవాయితీ. మామ ఆ బొట్టునే గుర్తు చేశాడు. కుంకుమ రాలిపోతుందని దాని మీద ఎర్ర రంగు చుక్క వేశాడు. బొట్టు పైకి ఉంటే చాలు, కండ్లు మూసుకొని పని చేయొచ్చని పనివాళ్ళకు చెప్పేవాడు. పనివాళ్ళు ఆ మాట బాగా నమ్మారు.

ఆ ఏడు దసరాకు బాపు నన్ను మానుకోట పంపాడు. నేను అప్పటికి వరంగల్‌లో ఐటీఐ చదివి వచ్చినవాణ్ణి. మామ నన్ను ఇంజినీరు సాబ్ అని పిలిచేవాడు, ఆ పిలుపులో సాబ్ కంటే నవ్వే ఎక్కువ. నెల్లికుదురుకు పిల్లను చూడబోయిన ముచ్చట ఆయన చేతికి దొరికింది. పిల్ల ఇంటి ముందర మా జీపు ఆగిపోయింది. నేను తెల్ల బట్టల మీద బానెట్ ఎత్తి ఇంజనంతా విప్పి చూస్తుంటే, ఆ పిల్లే బయటికి వచ్చి, టాంకిల పెట్రోల్ ఉందో లేదో సూసిండ్రా అని అడిగింది. లేదు. (ఆ పిల్లే తర్వాత నా భార్య అయింది. పెట్రోలు సంగతి ఇంకా మరిచిపోలేదు.) మామ దీన్ని పనివాళ్ళకు చెప్పాడు, చాయ్ హోటల్లో చెప్పాడు, దసరా పొద్దున పూజకు వచ్చిన అత్తమ్మ తరఫు చుట్టాలందరికీ నన్ను నిలబెట్టి మరీ చెప్పాడు. వాళ్ళు కడుపులు పట్టుకొని నవ్వారు. నాకు మండింది.

పూజకు ముందు పనిముట్లన్నీ తుడిచి వరుసగా పెట్టే పని నాది. ఫర్మా చేతికి రాగానే నాకు ఆలోచన వచ్చింది. గరుకు కాగితంతో ఎర్ర చుక్క గీకేసి, ఫర్మా తిరగేసి, అవతలి ముఖం మీద కొత్త చుక్క పెట్టాను. ఆరినాక దాని మీద కుంకుమ అద్దాను. మరునాడు మామ బెజ్జాలు కొట్టిస్తాడు, బోల్టు పట్టదు, గింగిరాలు తిరుగుతాడు, అప్పుడు నేను నెమ్మదిగా పోయి, ఏమైంది మామా, టాంకిల పెట్రోల్ సూసినవా అని అడుగుతాను. పథకం అంతే.

మరునాడు పొద్దటి నుంచీ నేను నవ్వు ఆపుకుంటూ ఎదురు చూశాను. పనివాళ్ళు తిరగబడ్డ ఫర్మాతో చెవులు పెట్టారు. అదే తిరగబడ్డ ఫర్మాతో అడ్డకర్రలు తొలిచారు. బాడీ ఎత్తి పెట్టారు. బోల్టులు వెన్నలో దిగినట్టు దిగాయి. నేను దీన్ని ఆలోచించలేదు. రెండూ తిరగబడితే రెండూ కలుస్తాయి. ఐటీఐలో చెప్పే ఉంటారు, నేను వినలేదు. పొగగొట్టం పక్క మాత్రం పానా ఆడలేదు. పాత జీపు కదా, గొట్టం వంగిందనుకున్నాడు మామ. పానాను కొలిమిలో కాల్చి మెడ వంచి, ఇది నా సొంత తయారీ అని అందరికీ చూపించుకున్నాడు. పేలని పటాకిని దగ్గరికి పోయి చూడడానికి భయపడినట్టు నేను కూడా గమ్మున ఉండి, సాయంత్రం రైలెక్కాను. తర్వాత చెబుదామనుకున్నాను. పెళ్ళి పనుల్లో పడ్డాను.

కొన్ని నెలలకు జనగామలో పరీక్ష పెట్టుకున్నాం. మూడు షెడ్లూ తలా ఒక ఛాసిస్, తలా ఒక బాడీ తేవాలి. ఒకరి బాడీ ఇంకొకరి ఛాసిస్ మీద పెట్టి చూపాలి. చూడడానికి జీపుల యజమానులు వచ్చారు. కిరాయి జీపులు చాలా తిప్పుదామనుకుంటున్న ఒక సేటు కూడా వచ్చాడు. కుదిరితే మూడు షెడ్లకూ పని చాలా ఏళ్ళు ఉంటుంది. మామ ఇస్త్రీ అంగీ వేసుకొని వచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ లాంతరు గ్లాసు ముచ్చట చెప్పాడు.

భూపాలపల్లి బాడీ మా ఛాసిస్ మీద కూర్చుంది. మా బాడీ భూపాలపల్లి దాని మీద కూర్చుంది. చప్పట్లు కొట్టారు. మామ బాడీ ఎత్తి మా ఛాసిస్ మీద పెట్టారు. బోల్టు దిగలేదు. భూపాలపల్లి దాని మీద పెట్టారు. దిగలేదు. మా బాడీని మామ ఛాసిస్ మీదికి ఎత్తారు. అదీ పట్టలేదు. చివరికి మామ బాడీ మామ ఛాసిస్ మీదనే పెడితే డబ్బాకు మూత పడినట్టు పడింది.

"మానుకోటోళ్ళు బయటోళ్ళకు పిల్లనియ్యరు, బయటి పిల్లను చేసుకోరు" అన్నాడు ఒక జీపు యజమాని.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మొదటి బోల్టు ఆగినప్పుడే నాకు అర్థమైంది కాబట్టి ఇంకాస్త గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఆగేలోపల చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. కానీ సేటు నవ్వలేదు. మానుకోట సంగతి తర్వాత చూద్దామని బాపుతో మెల్లగా అన్నాడు. బాపు మొహం మాడింది. ఇంతమందిలో పరువు తీసినవని బామ్మర్దిని కసిరాడు. అది విన్నాక నా నోరు ఇంకా గట్టిగా మూసుకుంది.

మామ మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. మూడు ఫర్మాలు తెప్పించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దాం, తప్పు ఎక్కడుందో అదే చెబుతుందన్నాడు. అది సరైన మాట. మాది షెడ్డులో ఉంది, భూపాలపల్లి అన్న ఫర్మా ఆయన బాడీ తెచ్చిన లారీలో ఉంది. మామది మానుకోటలో ఉంది.

"అల్లుడు పోయి తెస్తడు" అన్నాడు మామ. "ఇంతమందిల వాడొక్కడే నా మనిషి."

మరునాడు పోయి తెచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు కాజీపేటలో రైలు మారాలి. ప్లాట్‌ఫారం చివర గోనెసంచి విప్పి బొట్టును చూశాను. అది ఉన్న ముఖాన్ని పైకి పెట్టి మిగిలిన రెండింటి మీద పరిస్తే బెజ్జాలు కలవవు. మామ నిమిషంలో కనిపెడతాడు, దసరా రోజు దాన్ని ఎవరు తుడిచారో కూడా గుర్తొస్తుంది. కొత్త పెళ్ళికొడుకును. అత్తగారింట్లో పెట్రోలు కథ ఇంకా చల్లారలేదు. చుక్కను రాయితో గీకి, మట్టి రుద్దాను. అవతలి ముఖం మీద పెట్టడానికి రంగు లేదు. గాజులు, పిన్నులు అమ్మే అతని దగ్గర ఎర్ర గోళ్ళరంగు కొన్నాను. బెంచీ మీద కూర్చున్న ఒక అవ్వ నేను ఇనుప పట్టీకి గోళ్ళరంగు వేయడం చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా, దానికి లగ్గమా?" అని అడిగింది.

దసరా నాడు చేసింది చిలిపి పని. కాజీపేటలో చేసింది చిలిపి పని కాదు. ఈ రెండింటి మధ్య తేడా నాకు అప్పుడు కూడా తెలుసు.

షెడ్డులో మూడు ఫర్మాలూ బొట్లు పైకి పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచారు. ప్రతి బెజ్జంలోంచీ కింది నేల కనిపించింది. ఒక్కటి కూడా పక్కకు పోలేదు. భూపాలపల్లి అన్న తల దించుకున్నాడు. మామ వంగి ఒక్కొక్క బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. లేచి రెండు చేతులూ ముందుకు చాపి వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఫర్మా సక్కగనే ఉంది బావా" అన్నాడు. "అంటే నేనే సక్కగ లేను."

తానే తప్పుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఉండుమని కూడా అనలేదు. తర్వాత దవాఖానకు పోయి కండ్లు చూపించుకున్నాడట. డాక్టరు కండ్లు బాగున్నాయన్నా నమ్మక ఒక జత అద్దాలు కొనుక్కున్నాడు. అవి పెట్టుకుంటే మెట్లు కనపడక రెండుసార్లు పడ్డాడు. జీపుల పని మానేసి ట్రాక్టర్ల ట్రాలీలు కట్టేవాడు. ప్రతి కొలతా తాను తీసి, పనివాళ్ళతో తీయించి, తొవ్వన పోయేవాళ్ళను పిలిచి కూడా తీయించేవాడు. మానుకోటలో జనం అటు పోవాలంటే భయపడేవాళ్ళు, టేపు చేతికిస్తాడని. ఇది చెప్పి మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

మా రెండు షెడ్లూ పెరిగాయి. భూపాలపల్లిలో బొగ్గు పని మొదలయ్యాక ఊపిరి ఆడలేదు. బాడీలు ముందే కట్టి పెట్టేవాళ్ళం, జీపు పొద్దున వస్తే సాయంత్రానికి కొత్త బట్టలేసుకొని పోయేది. నేను బాపు నుంచి షెడ్డు తీసుకున్నాను. పద్ధతి నాదనుకున్నారు.

ఎనభైలు అయిపోవస్తుండగా ఒక రోజు పని మీద మానుకోట పోయి మామ షెడ్డులో చాయ్ తాగుతున్నాను. ఒక నెల్లికుదురు ఆసామి పాత జీపు తోలుకొచ్చాడు. మీ చేతి బాడీనే కావాలె, మా నాయిన జీపుకు మీరే కట్టిండ్రు, ఇంకా చెక్కు చెదరలేదని బతిమాలాడు. మామ ఆ జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఛాసిస్‌ను చేత్తో నిమిరాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా చెయ్యి పక్కకు పోతది" అన్నాడు. "జనగామ పో. మా అల్లుడు కడుతడు. వాని చెయ్యి సక్కనిది."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను. ఆ ఆసామి ముందరే చెప్పాను. దసరా నుంచి కాజీపేట దాకా ఏదీ విడవకుండా చెప్పాను. చెబుతుంటే మామ నా మొహం చూడలేదు, తన అరచెయ్యినే చూసుకుంటూ విన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. నెల్లికుదురు ఆసామి ఏం చేయాలో తోచక, టేపు ఒకటి దొరికితే దాన్ని విప్పుతూ చుట్టుతూ నిలబడ్డాడు.

చివరికి మామ లేచి ఆ మనిషి చేతిలోంచి టేపు తీసుకున్నాడు. జీపు లోపల పెట్టు, నీ బాడీ నేనే కడుతానన్నాడు. ఆ తర్వాత నా దిక్కు తిరిగాడు.

"నాకు చెప్పినవు, మంచిదే. గని నా చెయ్యి చెడ్డదని నేనొక్కన్నే అనుకోలేదు కద. నవ్వినోళ్ళకు ఎవలు చెప్తరు?"

క్షమాపణ అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. అది చెప్పాల్సిన చోటు వేరే ఉంది.

ఆ వారమే జనగామ షెడ్డులో అందరినీ పిలిచాను. బాపు ముసలివాడయ్యాడు, మంచంలోంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. భూపాలపల్లి అన్న వచ్చాడు. సేటు వచ్చాడు. ఆనాడు పిల్లనియ్యరని అన్న జీపు యజమానిని వెతికి పట్టుకొచ్చాను. మా ఆవిడకు, అమ్మకు చెప్పకుండా ఉందామనుకున్నాను గాని మామ తానే లోపలికి పోయి వాళ్ళిద్దరినీ పిలుచుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తాను ఒక కొత్త బాడీ అంచున ఎక్కి కూర్చొని సాసర్లో చాయ్ పోసుకున్నాడు.

నేను మెల్లగా మొదలుపెట్టాను. మామ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఇన్నేండ్లు రేకులు కొట్టి కొట్టి జర చెముడొచ్చింది, జోరుగ చెప్పుమన్నాడు. ఆయనకు చెముడు లేదని అమ్మకు తెలుసు, నాకు తెలుసు. గొంతు పెంచాను. ఇంకా జోరుగ అన్నాడు, భూపాలపల్లి దాక పోవాలె గద అన్నాడు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా మా దిక్కు తిరిగారు. గోళ్ళరంగు దగ్గర మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు తన కాలి చెప్పు కోసం చేత్తో వెతికాడు, అమ్మ దాన్ని కుర్చీ కిందికి నెట్టేసింది. అంతా చెప్పడం అయినాక నేను మామ ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన సాసరు పక్కన పెట్టాడు. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు. అందరికీ వినపడేలాగా, ఆ రోజు చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళకు చెప్పాను.

"నీ చెయ్యి ఏనాడు పక్కకు పోలేదు మామా. ఈ పద్ధతి నీది. బొట్టు మార్చింది నేను, మల్ల మార్చి దాచింది నేను. నువ్వు నీ చేతులు సూసుకుంటుంటె సప్పుడు చెయ్యక నిలబడ్డది నేను. నా తప్పు. నన్ను మాఫ్ చెయ్యి."